మూత తీయని బియ్యం డబ్బా

నా చిన్నప్పుడు నాకు నోరెక్కువ. ఇప్పుడు తగ్గిందని కాదు, అప్పుడు దానికి పగ్గం లేదు. కార్వేటినగరం దగ్గర మా పల్లెలో రేకుల చర్చి ఒకటి ఉండేది. అక్కడి ఆడవాళ్ళు పొయ్యి వెలిగించే ముందు పూటకు పిడికెడు బియ్యం దేవుని పేరున డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి ఇచ్చేవారు. ఆ బియ్యం తిండికి లేని ఇళ్ళకు చేరేది. తీసుకునే పని మా అవ్వది, చాట పట్టుకునే పెత్తనం నాది.

ఒక ఆదివారం మా వీధి చివర ఉండే అత్త కొన్ని వారాల తర్వాత వచ్చింది. చుట్టం కాదు, వరసకు అలా పిలిచేదాన్ని. భర్త లేడు, ఇద్దరు పిల్లలు, వేరుశనగ కాయలు ఒలిచే కూలి. ఆమె డబ్బా వంచగానే నల్లటి పురుగులు చాటంతా పాకాయి. "అయ్యో అవ్వా, ఈ అత్త దేవునికి పురుగులు తెచ్చింది సూడు!" అని అరిచాను. అందరూ నవ్వారు. నవ్వించినందుకు నాకు గొప్పగా కూడా అనిపించింది. ఆమె వెనక్కి వెళ్ళి కూర్చుని, ప్రార్థన ముగియక ముందే లేచి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు.

అవ్వ నన్ను తిట్టలేదు. ఆ బియ్యానికి బదులు మా ఇంటివి పోసి, ఆ పురుగుల బియ్యాన్ని ఎండబెట్టి, జల్లించి, వండి నా కంచంలో పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది. "ఆమెకు జొరమొచ్చి మూడు వారాలు పనికి పోలేదు. ఇంట్లో గంజికి కూడా లేని దినాలుండాయి. అయినా దేవుని పేరున తీసిపెట్టింది కదా అని ఆ డబ్బా మూత తీయలేదమ్మే. అందుకే పురుగు పట్టింది."

చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మళ్ళీ వచ్చేదాకా చాట ముట్టుకోనని అవ్వతో అన్నాను.

"నాకు కాదు, ఆమెకు చెప్పు పో" అంది అవ్వ.

ఆ ఆదివారమే వెళ్ళాను. "పనుండాది పాపా, నువ్వు పో" అంది ఆమె, తలెత్తకుండా. మరుసటి ఆదివారమూ వెళ్ళాను, అదే జవాబు. నేనూ మొండిదాన్నే. మూడో ఆదివారం ఆమె గడప ముందు కూర్చుండిపోయాను. "అత్తా, అందరి ముందర అంటిని, అందరి ముందరే తప్పని చెప్తా. నువ్వు రాకపోతే నేనూ పోను" అన్నాను. చేతిలోని కాయలు ఒలిచేసి ఆమె చెంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

తీరా చర్చిలో నిలబడ్డాక నా నోరు పెగల్లేదు. వెక్కుతూ "తప్పు నాదే" అని మాత్రం అనగలిగాను. ఆ క్షణంలో ఆమె నన్ను ఏమన్నా ఎవరూ కాదనేవారు కాదు. ఆమె లేచి వచ్చి నన్ను దగ్గరికి తీసుకుంది. "మా పాపే కదా. నేను చెరిగి తెచ్చింటే సరిపోయుండు" అంది అందరికీ వినబడేలా. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు అవ్వా లేదు, ఆ అత్తా లేదు. క్రీస్తు కనికరం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను కానీ, నాకది ఆ అత్త గొంతులోనే వినిపిస్తుంది. డెబ్బై దాటినా, ఎవరినో ఒకరిని అనడానికి మాట నోటిదాకా రాని రోజు లేదు. వచ్చిన ప్రతిసారీ పళ్ళు బిగబట్టి మింగుతాను. ఆ రోజు చర్చిలో నన్ను అనే హక్కు ఉండి కూడా ఆమె అనకుండా వదిలేసిన నొప్పించే మాట ఒకటుంది. దాన్ని నేను ఎవరినీ అనకుండానే ఈ లోకం నుంచి పోతాను.