అమ్మానాన్నల పెళ్ళినాటి వైన్

మా అమ్మానాన్నల నలభయ్యో పెళ్ళిరోజుకి పట్టుచీర, పంచెలచాపు పెడదామని నేనంటే మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన విజయనగరంలో సంగీతం చెప్పే ఇంట్లో పుట్టారు, చీపురుపల్లిలో కాలేజీ పిల్లలకి చరిత్ర చెబుతారు. పాతదేదైనా ఆయనకి గొప్పే. పెళ్ళయిన ఏడాది తయారైన వైన్ సీసాని పెళ్ళిరోజుకి బహుమతిగా ఇవ్వడం కొన్ని దేశాల్లో పెద్ద మర్యాదని ఎక్కడో చదివారు. మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున చేపల వ్యాపారి. ఆయన దృష్టిలో గొప్ప సరుకంటే ఈ రోజు వలలో పడిందే.

ముందు మా ఊళ్ళోనే వైన్ షాపుకి వెళ్ళాం. బోర్డు మీద వైన్స్ అని ఉంది గానీ లోపల బ్రాందీ, బీరు తప్ప మరోటి లేదు. నలభై ఏళ్ళనాటి సీసా ఉందా అని మా ఆయన అడగ్గానే కౌంటర్లో మనిషి మొహం మాడిపోయింది.

"మాకాడ పాత సరుకుండదు బాబూ. మీకెవులు సెప్పారు?"

"పోనీ తెప్పించగలరా?"

"డేటు దాటింది దాటినట్టు ఎనక్కి పంపించేస్తన్నాం. కావాలంటే సూసుకోండి" అని అల్మరా తలుపులన్నీ తీసి చూపించాడు. మేం తనిఖీకి వచ్చామనుకున్నాడని నాకు రోడ్డు మీదకి వచ్చాక గానీ తట్టలేదు.

చివరికి ఓడలో పనిచేసే మా ఆయన స్నేహితుడు ఏదో దేశపు రేవులో కొని, తువ్వాళ్ళలో చుట్టి తెచ్చిచ్చాడు. లేబుల్ మీద ఆ ఏడాది అంకె చూసి మా ఆయన మురిసిపోయారు. పెళ్ళిరోజు ముందటి సాయంత్రం అమ్మావాళ్ళ ఊరెళ్ళి, సీసాని రెండు చేతులా పట్టుకుని మా నాన్నకిచ్చారు.

"మీ పెళ్ళయిన ఏడాది తయారైంది, మావయ్యగారూ."

నాన్న సీసాని వెలుతురుకెత్తి చూశాడు. మర్యాదగా తలూపాడు. తర్వాత నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"పొద్దున్న దించిన కల్లే సాయంత్రానికి పులిసిపోతాది. నలభై ఏళ్ళదంటే ఏటమ్మా? అల్లుడుగార్ని ఎవులో మోసం సేసినట్టున్నారు. నువ్వేటీ అనకు, మనసు కష్టపెట్టుకుంటారు."

అల్లుడి పరువు ఎలా కాపాడాలో ఆయనే ఆలోచించుకున్నాడు. ఇంకా పాడవకుండా ఉంటుందని సీసాని చేపల ఐసుపెట్టెలో, వంజరాల మధ్య పెట్టేశాడు. పొద్దున్న పెట్టె మూత తీసేసరికి లేబుల్ ఊడిపోయి, పీలికలై చేపల పొలుసుల్లో కలిసిపోయింది. మా ఆయన ఆ ముక్కల్ని ఏరి కిటికీ గట్టు మీద ఆరబెట్టారు. ఏడాది అంకె ఉన్న ముక్క మాత్రం దొరకలేదు.

మధ్యాహ్నం భోజనాల ముందు సీసా తియ్యాల్సి వచ్చింది. బిరడా తీసే మరమేకు కొనాలని మా ఇద్దరికీ తోచలేదు. నాన్న పడవ ఇంజన్ సామాన్ల సంచీ తెచ్చి, బిరడాలోకి ఓ స్క్రూ దింపి, పటకారుతో లాగాడు. బిరడా సగం పైకొచ్చింది, సగం పొడై లోపల పడింది. అమ్మ టీ వడకట్టే జల్లెడ తెచ్చింది. ముందు గంగమ్మతల్లికి పొయ్యాలని నాన్న వీధిలోకి వెళ్ళి, సముద్రం వైపు తిరిగి వంచాడు.

"కొంచెం చాలండీ మావయ్యగారూ" అన్నారు మా ఆయన.

"తల్లికి కొంచెమేటి బాబూ" అని నాన్న ఇంకాస్త వంచాడు.

మిగిలింది స్టీలు గ్లాసుల్లో పోశారు. అమ్మ నాలిక మీద వేసుకుని, "చింతపండు పులుసులాగుంది. ఇది మన పెళ్ళినాటిదా?" అంది.

"అవును. తుఫానుకి ముందరేడు" అన్నాడు నాన్న.

"ముందరేడేటి? తుఫాను తర్వాతే మన పెళ్ళి. సెట్లన్నీ పడిపోతే పందిట్లోకి తాటాకు దొరక్క మా నాయిన పాతపట్నం దాకా పోనేదా?"

"అది మీ సెల్లి పెళ్ళి."

"నా పెళ్ళి నాకు తెలీదా?"

అమ్మ చెప్పిందే నిజమైతే ఇది ముప్ఫైతొమ్మిదో పెళ్ళిరోజు. మాకు ఏడాది చెప్పింది నాన్నే, అమ్మని అడగాలని ఎవరికీ తోచలేదు. సీసాది ఏ ఏడో చెప్పడానికి లేబుల్ లేదు, పెళ్ళి ఏ ఏడో తేల్చడానికి ఇంట్లో ఇద్దరికీ లెక్క కుదరలేదు. చరిత్ర పాఠాలు చెప్పే మా ఆయన కంచం ముందు కూర్చుని, ఎవరి పక్షమూ వహించకుండా తన గ్లాసు తాను ఖాళీ చేశారు. బాగుందా అని అడిగాను. తెలీడం లేదన్నారు.

సీసా అడుగున మిగిలినదాన్ని పారబొయ్యడానికి అమ్మకి చేతులు రాలేదు. సాయంత్రం వంజరం పులుసులో చింతపండు తగ్గించి, దాన్ని పోసి మరిగించింది. ఎర్రగా, కాస్త వగరుగా, మా ఇంట్లో ఎప్పుడూ ఎరగని రుచి వచ్చింది. అందులో ఏం కలిసిందో మా ఆయనకి తెలుసు. పొయ్యి దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నారు. అన్నమంతా కలుపుకుని తిని, గిన్నె వైపు చెయ్యి చాపారు.

"ఇంకొంచెం వెయ్యండి, అత్తయ్యగారూ."

నాన్న నా వైపు తిరిగి, అల్లుడుగారికి ఇప్పుడు మనసు కుదుటపడిందని మెల్లిగా చెప్పాడు.