అమెరికా ఓట్లు, ధరూరు పల్లికాయ

అప్పట్ల మా గద్వాలల ఓటు అనేది చెవులతోని వినెటిదే గాని చేతులతోని వేసెటిది కాదు. పైన నిజాము, కింద సంస్థానం, ఇంట్ల మా అమ్మ. "నీకెవరు కావాల్రా?" అని మమ్మల్ని అడిగిన పాపాన ఎవ్వరూ పోలేదు. అడుగుతరని తెలిస్తె గద, అడగలేదని బాధపడెటందుకు! గసుంటి రోజుల్ల, మా వాడల ఎవ్వడూ చూడని అమెరికా దేశంల ఎవరు గెలుస్తరన్నదాని మీద నేను నా పెండ్లాన్ని పందెం కాసిన. (తిట్టుకోకుండ్రి, జర మొత్తం వినుండ్రి.)

రజాకార్ల గత్తర అప్పుడప్పుడే సల్లబడ్డది. నాకు కొత్తగ పెండ్లయింది. మా గద్వాల చీరకు ఒళ్లేమో నూలు, అంచేమో పట్టు. రెండు కలిపి నేయాలంటె మగ్గం కాడ ఇద్దరుండాలె. నడుమ నేను కూసుంటె, పక్కన కూసొని అంచు దారం పోసె నాడె అందుకునేది మా ఇంటామె. ఆమె నా మేనమామ బిడ్డనే. మామ గూడ నేతోళ్లల్ల పుట్టినోడే గాని, ధరూరులనే ఇంత భూమి దొరికితె మగ్గం ఇడిసి నాగలి పట్టిండు. ఆయన ఓనాడు పొద్దుగాల్నే బండి కట్టుకొనొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, "పల్లికాయ పీకుడుకొచ్చింది అల్లుడా, బిడ్డను తోల్కపోత" అన్నడు. "చీర సగంల ఉంది మామా, ఆమె పోతె మగ్గం ఆగుతది" అన్న. చీర సగంల ఉన్నమాట నిజమే. కానీ ఆమె లేకుంటె నాకు అన్నం సయించదన్నది అంతకన్న పెద్ద నిజం. గామాట మామకు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?

అదే టైముల మా అరుగు మీద పేపర్ పంతులు పేపరు చదువుతుండె. (బడి పంతులే, గాని వాడకంతటికి పేపరు చదివి చెప్తడని ఆ పేరు.) "అమెరికాల ఎలక్షన్లొచ్చినయ్. పెద్దపెద్ద పట్నాల పేపర్లన్ని ఒకాయనే గెలుస్తడంటున్నయ్. రెండో ఆయన రైలెక్కి ఊరూరు తిరిగి సేద్యగాళ్లను ఓట్లు అడుగుతుండట" అని చెప్పిండు. (పట్నాలల్ల గూడ శానమంది ఆ రెండో ఆయనకే ఏసిండ్రని తరువాతెప్పుడో తెలిసింది. మా పంతులు తెలుపో నలుపో తప్ప నడిమి రంగు ఎరుగడు.) మామ కండువ దులుపుకొని దగ్గరికి జరిగి, "ఆడ ఈయేడు వానలు మంచిగ పడ్డయా?" అని అడిగిండు. మా అమ్మ తలుపు సందుల నుంచి, "ఆడోళ్లు గూడ ఏస్తరా పంతులూ?" అన్నది. "ఏస్తరమ్మా. మొగనికి చెప్పకుండ, తనకు నచ్చినోనికి ఏసుకోవచ్చు" అన్నడు. మా అమ్మ నోటి మీద చెయ్యేసుకొని, "అయ్యో శివా! మొగుడు ఒకనికి, పెండ్లాం ఇంకొకనికా? మరి ఆ రాత్రి అన్నమెవరు పెడ్తరు?" అన్నది. పంతులు అద్దాలు సర్దుకొని మళ్ల పేపర్ల తలపెట్టిండు.

మామ మీసం దువ్వి, "ఊర్లల్ల తిరిగినోడే గెలుస్తడు. తిండి పెట్టెటోన్ని కాదని ఎవడు గెలుస్తడు?" అన్నడు. నాకు పౌరుషమొచ్చింది. నేను పట్నపోణ్ని గద! (అప్పటి గద్వాల పట్నమా అంటె నన్నడగకుండ్రి.) అమెరికా పట్నాలల్ల గూడ మా లెక్కనే గుంతల కాళ్లు పెట్టి మగ్గాలు నేసేటోళ్లుంటరని నా నమ్మకం. "బట్ట కట్టించెటోళ్లం మేము. పట్నాల మనిషే గెలుస్తడు" అని లేచిన. మాటకు మాట పెరిగింది. పట్నాలాయన గెలిస్తె ఆమె మగ్గం కాడనే ఉండాలె, ఊర్లాయన గెలిస్తె బండెక్కాలె అని ఇద్దరం చేతిల చెయ్యేసుకున్నం. మా అమ్మ నా దిక్కుంటదనుకుంటె, "నేను పుట్టింది ధరూరుల. మా అన్నదే గెలుపు" అని తేల్చేసింది. కన్నతల్లి!

మామ మా ఇంట్లనే దిగబడ్డడు. పంట చేన్ల పెట్టుకొని అమెరికా కోసం కూసున్న సేద్యగాడు గాయన ఒక్కడే ఉంటడు. పేపర్ల మీద నాకు ఎంత నమ్మకమంటె, పేపరు తెచ్చె రైలు వచ్చె యాళ్లకు, పంతులు, మామలతోని టేషనుకు మిఠాయి కొనుక్కొని మరీ పోయిన. పంతులు పేపరిప్పిండు. అద్దాలు తీసి తుడుసుకున్నడు. మళ్ల చదివిండు. "ఊర్లు తిరిగినాయన గెలిసిండ్రా" అన్నడు. అన్ని పేపర్లు, అందరు సదువుకున్నోళ్లు చెప్పింది తప్పెట్లయితది? మామ కండువ పైకెగరేసి, "మనోడు కొట్టిండు!" అని టేషనంత దద్దరిల్లేటట్లు ఒర్లిండు. ఆ మనోని పేరేందో ఆయనకు ఆఖరిదాంక తెల్వలే. నా మిఠాయి గూడ ఆయనే తిన్నడు.

ఇంటికొచ్చినం. ఆమె మగ్గం పక్కన కూసొని దారం అతుకు పెడ్తుండె. "లేవు బిడ్డా, బండెక్కు. అమెరికాల మనమే గెలిసినం" అన్నడు మామ. ఆమె లేవలేదు.

"ఏ ఊరికి పోవాల్నో, ఏడుండాల్నో నాకు అమెరికావోడు చెప్పాల్నా నాయినా? ఆడ ఆడోళ్లను గూడ అడుగుతరట గద. ఈడ నన్ను ఎవరన్న అడిగిండ్రా?"

మామ నా దిక్కు చూసిండు, నేను మామ దిక్కు చూసిన. అడగాల్నన్న సంగతే మా ఇద్దరికి తోచలే. ఇన్నొద్దులు ఆమె మాకు జొన్నరొట్టెలు చేసి పెట్టుకుంట, మా పందెం ముచ్చట్లన్ని వినుకుంటనే ఉండె.

"చీర మగ్గం దిగినంక వస్త" అన్నది నాయినతోని. "అమ్మ ఒక్కతే అంత చేను పీకలేదు. బావ గూడ వస్తడు, పీకుతడు." మామ అదిరిపడి, "అల్లునితోని చేన్ల పని చేపిస్తె ఊరు ఉమ్మేస్తది బిడ్డా!" అన్నడు. "బిడ్డను పందెంల గెలుసుకున్నవంటె ఉమ్మేయదా?" అన్నది. అంతే, మామ బండి ఖాళీగ పోయింది.

చీర దిగినంక ధరూరు పోయిన. గుంతల కాళ్లు పెట్టి కూసునెటోనికి చేన్ల వంగుడంటె ఎట్లుంటదో నా నడుముకే ఎరుక. పీకినదానికంటె తిన్నదే ఎక్కువ. చుట్టుపక్కల చేన్లోళ్లు "పట్నం అల్లుడు" అని చూడనీకె వచ్చిండ్రు. ఆమె ముందు సాల్ల పోతుంటె నేను ఎనుక సాల్ల నవ్వుకుంట పోయిన.

కొన్నేండ్లకు మాకూ ఓటొచ్చింది. ఒక్కో గుర్తుకు ఒక్కో డబ్బ పెట్టిండ్రు. ఆడోళ్ల వరుస వేరే. ఆమె ఏసి బయటికొచ్చింది, కొంగు సర్దుకుంట. నేను పక్కకు పోయి మెల్లగ, "ఎవరికేసినవే?" అన్న.

"పోయి అమెరికావోన్ని అడుగు" అన్నది.

ఆనాటికెల్లి ఎన్ని ఎలక్షన్లయినయో. ప్రతిసారి అడుగుత, ప్రతిసారి అదే జవాబు, ఇప్పుడైతె బోసినోటితోని. ఎన్నడన్న నిజంగ చెప్పేస్తదేమోనని నాకు లోపల భయమే. చెప్పేస్తె, మళ్ల ఎలక్షన్లకు నేను ఆమెను ఏమడగాలె?