మిద్దె మీద నిలబడ్డవాడికి చెప్పిన కథలు

ఇబ్రహీంపట్నంలో ఆ రోజుల్లో టీవీ చూడని మనిషి ఎవరంటే లింగస్వామి. వాడకట్టు మొత్తానికి టీవీ చూపించిన మనిషి ఎవరన్నా లింగస్వామే. ఇదెక్కడి విచిత్రం అనకండి, చెప్తాను వినండి.

ఎనభైల చివర్లో ఆ వాడకట్టుకంతా ఒకటే టీవీ, బాల్‌రెడ్డి పటేల్ ఇంట్లో. మిద్దె మీద ఇనుప పైపుకు యాంటెన్నా కట్టించాడు పటేల్. కాస్త గాలి వీస్తే చాలు, తెర నిండా చుక్కలే. లింగస్వామి అప్పటికి కొత్తగా పెళ్ళయిన పిల్లగాడు, చెరువులో చేపలు పట్టుకుని బతికేవాడు, మంచి పొడుగరి. ఒకసారి మిద్దెక్కి ఆ పైపు పట్టుకున్నాడు. బొమ్మ తేటగా వచ్చింది. వదిలాడు, పోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, వచ్చింది. ఇంకేముంది, కింద కూర్చున్న జనం అక్కడికక్కడే తేల్చేశారు.

"లింగసామి చెయ్యి పడితేనే బొమ్మ నిలుస్తున్నది. ఆణ్ణి దిగనియ్యకుర్రి."

అలా ఇరుక్కుపోయాడు పాపం. "వచ్చిందా?" అని పైనుంచి ఈయన, "జర అటు తిప్పు, ఇంకా జర, ఆఁ, గట్లనే ఉండు" అని కిందినుంచి వాళ్ళు. గట్లనే ఉండమంటే సీరియల్ అయిపోయేదాకా గట్లనే ఉండాలి మరి. దోమలు కుట్టినా, నొప్పితో చెయ్యి గుంజినా వదలడానికి లేదు. కింద అందరూ నవ్వితే నవ్వు వినబడేది, ముక్కులు చీదితే ఏడుపు కథ కాబోలు అనుకునేవాడు. ఒక్క బొమ్మ చూసింది లేదు.

మరి ఎందుకు ఒప్పుకున్నాడంటారా? పటేల్ భార్య మణెమ్మ వల్ల. "పిలగాడు పైన నిలబడ్తుండు, ఆని పెండ్లాన్ని ముంగట కూసోనియ్యుర్రి" అన్నదామె మొదటి రోజే. అప్పటిదాకా గుమ్మం అవతల మునివేళ్ళ మీద నిలబడి మెడ చాచి చూసిన నర్సింహమ్మ, ఆ రోజు నుంచి అందరికంటే ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. భార్యకు ముందు చోటు దొరికిందన్న సంతోషం ముందు చెయ్యి గుంజడం ఒక లెక్కా.

వారం వారం ఒక హిందీ సీరియల్ వచ్చేది. దాని పేరుకు ఎవరికీ నోరు తిరగక 'టేషన్ బొమ్మ' అనేవాళ్ళు. ఎక్కడో ఉత్తరాదిన ఒక చిన్న రైల్వే స్టేషను. వారానికొకరు అక్కడ రైలు దిగుతారు, వాళ్ళ కష్టమో సుఖమో స్టేషన్ మాస్టరు నెత్తిన పడుతుంది. ఆ వారానికి అదే కథ. మర్నాడు పొద్దున చెరువు గట్టు మీద ఇద్దరూ చిరిగిన వల కుట్టుకుంటుంటే, నర్సింహమ్మ ఆ కథ మొత్తం మొగుడికి చెప్పేది. ఏం చెప్పడమనుకున్నారు! స్టేషన్ మాస్టరు మీసం ఎలా దువ్వుకున్నాడో, రైలు ఎలా కూసిందో, దిగినామె ఏ రంగు చీర కట్టిందో, ఒక్కటీ వదిలేది కాదు. లింగస్వామి నోట్లో నాలుక లేని మనిషి, ఆమె వస పోసిన పిట్ట. ఆయన ఊఁ కొట్టడం, ఆమె చెప్పడం. వాళ్ళ కాపురం అలాగే సాగింది.

ఆ కథలు ఆయన మనసులో అచ్చుపడ్డాయి. స్టేషన్ మాస్టరు భార్య చేపల పులుసులో మామిడికాయ వేస్తుందని, వచ్చిన ప్రతివాడికీ జొన్నరొట్టె పెట్టి పంపుతుందని ఆయనకు గట్టి నమ్మకం. తర్వాత ఊరు పట్టణమైంది, ఇంటింటికీ టీవీలొచ్చాయి. ఆయన మాత్రం ఏ టీవీ ముందూ స్థిమితంగా కూర్చోలేదు. నర్సింహమ్మ చెప్పినంత బాగా అందులో ఏదీ కనిపించేది కాదట.

అట్లాంటి నర్సింహమ్మకు పోయిన వానాకాలం మాట పడిపోయింది.

కోహెడ దాకా చేపల తట్ట పట్టుకుపోయి, బేరంలో ఎవరినీ గెలవనివ్వని నోరు అది. ఒక పొద్దున బోరింగు దగ్గర కూలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. పట్నం దవాఖానలో ప్రాణం నిలిపారు, అదే పదివేలు. ఇంటికి పంపేటప్పుడు కొడుకు పరమేష్‌ను, కోడలు సింధును, లింగస్వామిని నిలబెట్టి చెప్పింది డాక్టరమ్మ. "ఈ కొన్ని నెలలే ముఖ్యం. ఆమెతో బాగా మాట్లాడుతుండండి. పాత ముచ్చట్లు చెప్పండి. మాట తిరిగి రావచ్చు. ఇప్పుడు రాకపోతే మాత్రం ఇక కష్టం."

పరమేష్ పొద్దున్నే పెద్ద అంబర్‌పేట్‌లో గోదాము పనికి పోతే చీకటి పడ్డాకే రావడం. సింధుకు ఇంటెడు చాకిరీ. పగలంతా పక్కన ఉండేది లింగస్వామే. మాట్లాడవలసిన పని, ఇంతమందిలో, నోట్లో నాలుక లేని మనిషి మీద పడింది. దేవుడికి కూడా ఒక్కోసారి వేళాకోళం ఎక్కువవుతుంది.

వాకిట్లో మంచం వేసి ఆమెను పడుకోబెట్టి, పక్కన కూర్చునేవాడు. "తిన్నవానే" అనేవాడు. కాసేపాగి "ఎండ మస్తు కొడుతున్నది" అనేవాడు. అంతే, సంచి ఖాళీ. నర్సింహమ్మ చూపు ఎటో ఉండేది. నెలలు గడుస్తున్నాయి. లోపల ఆయనకు భయం పట్టుకుంది.

"మామా, ఏదన్న చెప్పుర్రి. మీరు ఇట్ల ఊకుంటే ఎట్ల" అని సింధు బతిమాలింది.

"ఏం చెప్పాలె బిడ్డా. ముచ్చట్లన్నీ ఆమెవే. నా దగ్గరేమున్నయి" అన్నాడు.

అన్నాక ఆయనకే తట్టింది. ఆమె చెప్పిన కథలే తిరిగి ఆమెకు చెప్తే? కానీ మొదలుపెడితే తడబడతానేమోనని బెరుకు. టేషన్ బొమ్మ ఫోన్లో దొరుకుతుందా అని కోడలిని అడిగాడు. పేరు లేకుండా ఎలా వెతికేదన్నది సింధు. ఎవరింటికీ పోయి నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, ఆ సాయంత్రమే కర్ర పట్టుకుని ముసలి మణెమ్మ దగ్గరికి పోయాడు. ఆమె ఆ హిందీ పేరు కూడబలుక్కుని చెప్పి, "నువ్వు పట్టుకున్న పైపు ఇంకా మిద్దె మీదనే ఉన్నది లింగసామీ, తీయనియ్యలే" అన్నది. లింగస్వామికి కళ్ళు చెమర్చాయి.

సింధు వెతికి పట్టుకుంది. తనకు బాగా గుర్తున్న కథే ముందు పెట్టమన్నాడు, కొత్త పెళ్ళికూతురి కథ. ఫోన్ను రెండు చేతులా బిగబట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"గంత గట్టిగ పట్టుకోకుర్రి మామా, సిగ్నల్ అదే తెచ్చుకుంటది" అని నవ్వింది సింధు.

స్టేషన్ మాస్టరు బక్కపలచగా ఉన్నాడు, మీసమే లేదు. చేపల పులుసెప్పుడొస్తుందని అడిగితే, వాళ్ళు మాంసం ముట్టనివాళ్ళలా ఉన్నారు మామా అన్నది సింధు. సరేలే అనుకున్నాడు. కొత్త జంట రైల్లో పోతుంటారు. పిల్ల నీళ్ళకని దిగుతుంది, రైలు కదిలిపోతుంది, పెళ్ళికొడుకు రైల్లోనే ఉండిపోతాడు. పిల్ల బల్ల మీద ఎదురుచూస్తుంది. తెల్లారుతుంది. వాళ్ళ నాన్న వచ్చి పుట్టింటికి తీసుకుపోతాడు. పాట వచ్చి, పేర్లు పడ్డాయి.

"ఇంకా ఉన్నదా?"

"అయిపోయింది మామా."

"పిలగాడు రాలేదేంది?"

"రాడు మామా. కథ గంతే."

తన మతిమరుపే అనుకున్నాడు లింగస్వామి. వయసు మీద పడింది కదా.

మర్నాడు పొద్దున మంచం పక్కన చిరిగిన వల పరుచుకుని, తల వంచి కుట్టుకుంటూ మొదలుపెట్టాడు. చేతుల్లో వల ఉండేసరికి మాట దానంతట అదే వచ్చింది. రైలు ఆగింది, పిల్ల దిగింది, చీర ఎర్రది, రైలు పోయింది. నర్సింహమ్మ చూపు మెల్లగా ఇటు తిరిగింది. ఆయన చూడలేదు.

"పొద్దుగాల పిల్ల నాయిన వచ్చి తోల్కపోయిండు. పెండ్లికొడుకు రానే రాలే" అని ముగించాడు.

"కా..."

లింగస్వామి చెయ్యి ఆగింది.

"కా... దు."

తలెత్తాడు. ఆమె మొహం ఎర్రబడి ఉంది. చేపల బేరంలో ఎవరన్నా తక్కువ చెప్తే వచ్చే కోపం, అచ్చంగా అదే.

"నడ్... నడ్సొచ్చిండు."

అవును. ఆమె చెప్పిన కథలో పెళ్ళికొడుకు తర్వాతి స్టేషన్లో దూకేసి, పట్టాల వెంట రాత్రంతా నడిచొస్తాడు. చెప్పులు అరిగిపోయి, కాళ్ళకు బొబ్బలెక్కి వస్తాడు. స్టేషన్ మాస్టరు భార్య ముందు తిట్టి, తర్వాత జొన్నరొట్టె పెడుతుంది. లింగస్వామికి మతిమరుపేమీ లేదు.

"సింధూ, మీ అత్త మాట్లాడింది" అని కేకేసి, వల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ రోజు నుంచి అదే ఆయన ఉద్యోగం. సాయంత్రం ఫోన్లో ఒక కథ చూడడం, మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పి తిట్లు తినడం. ఏడుపుతో ముగిసిన కథల్లో ఒక్కటీ ఆమె ఒప్పుకోలేదు. తప్పిపోయిన మేకను దొరికించింది, చచ్చిపోయిన గార్డును బతికించింది. 'కాదు' తర్వాత రెండు మాటలొచ్చాయి, ఆ రెండూ నాలుగయ్యాయి. డాక్టరమ్మ సంతోషపడి ఏం చేశారని అడిగితే, టీవీ చూస్తున్నం అన్నాడు లింగస్వామి.

మొన్నొక పొద్దున వల కుడుతూ అడిగేశాడు.

"ఏమే, అందరు ముక్కులు చీదంగ నేను పైనుంచి వింటిని. నాకు మాత్రం అన్నీ మంచిగనే ముగిసినయని ఎందుకు చెప్పినవ్?"

నర్సింహమ్మ ఒక్కో మాటా కూడగట్టుకుంది.

"నువ్వు... పైన నిలబడ్డవ్. చెయ్యి గుంజంగ. గంత కష్టపడి... ఏడుపు... ఎట్ల చెప్త."

లింగస్వామి వల పక్కన పెట్టాడు. ఊళ్ళో వాళ్ళందరూ ఉన్న కథలు చూశారు. ఆయన ఒక్కడి కోసం ఒక మనిషి ప్రతివారం కూర్చుని వేరే కథలు అల్లింది, ఇన్నేళ్ళు ఒక్కసారి కూడా బయటపడలేదు. ఆ చెయ్యి ఇంకో పదేళ్ళు గుంజినా బాగుండేదనిపించింది. థాంక్స్ లాంటి మాటలు వాళ్ళ మధ్య ఎన్నడూ లేవు. ఆమె పనిచేయని కుడి చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుని, పైపును పట్టుకున్నట్టే రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇంకోటి చెప్పు" అన్నాడు. "నేను గట్లనే ఉంట."