రేగడిలో గెలిచిన జీపు

ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. అచ్చంపేట జీపుల అడ్డాలో కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లు దాన్ని నా ముఖం ముందు పెట్టి, "కాకా, గిది నీ బండేనట గద. గా పెద్ద పెద్ద బండ్లు దిగబడ్డయి, నీ డొక్కు జీపెట్ల దాటింది?" అని అడుగుతారు. నేను ఫోను పక్కకు నెట్టేస్తాను. ఆ వీడియోలో నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. నా నవ్వు చూస్తే నాకే రోత పుడుతుంది.

ఏ బండి ఎందులో పోతుందని అడిగితే నేను చెప్పగలను. ఎన్నో ఏండ్లు అచ్చంపేట నుంచి అడవి అంచు ఊళ్లకు మనుషులను, మేకలను, ఎరువు బస్తాలను ఒకే జీపులో కుక్కి తిప్పినవాణ్ణి. నాలుగు చక్రాలకూ బలం అందే బండి రాళ్లల్లో, ఇసుకలో బాగా పోతుంది. ట్రాక్టరుకు దుక్కిలో తిరుగులేదు. మోపెడ్ మీద పాలక్యాన్లు కట్టుకున్న ముసలాయన పొలంగట్టు మీద నుంచి చక్కగా వెళ్లిపోతాడు, దిగబడితే ఇంకొకణ్ణి పిలిచి బండిని ఎత్తి అవతల పెట్టుకుంటాడు. ఇవన్నీ నిజమే. కానీ తడిసిన నల్లరేగడిలో ఏ బండి పప్పులూ ఉడకవు. ఆ మట్టి చక్రానికి పట్టుకుంటుంది, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మెత్తుకుంటుంది, ఇంకాసేపటికి చక్రం తిరగడమే మానేస్తుంది. అప్పుడు బండి ఎంత ఖరీదైనదైనా సరే, యజమాని దిగి కర్ర తీసుకుని గీక్కోవాల్సిందే.

మా ఊరికి తారురోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్ల బాట. చాలా దూరం ఎర్ర మొరమే, ఎంత వాన పడ్డా బండి ఆగదు. ఊరు దగ్గరికి వచ్చాక మాత్రం ఒక అర కిలోమీటరు రేగడి. రాష్ట్రం వచ్చింది, ఇంటింటికీ నల్లా వచ్చింది, ఎన్నికలప్పుడల్లా జెండాలు కట్టిన బండ్లు వచ్చాయి. ఆ అర కిలోమీటరుకు కంకర మాత్రం రాలేదు.

అందుకని మాకొక పద్ధతి ఉండేది. వాన పడగానే రేగడి మొదట్లో బాటకు అడ్డంగా తుమ్మకంప పెట్టేవాళ్లం. కంప ఉంటే చక్రం పెట్టొద్దని అర్థం. రెండు రోజులు ఓపిక పడితే పైపొర ఆరుతుంది, బండ్లు నడుస్తాయి. ఆగలేక ఒక్కడు దూరాడా, మోకాటిలోతు గాడి పడి అందులో నీళ్లు నిలుస్తాయి. ఇక వారం పది రోజులు ఊరంతా నడకే. మరి ఆపద వస్తే? దానికీ దారి ఉండేది. బాట పక్కనే ఒక బండి పట్టేంత వెడల్పున గరిక దట్టంగా మొలిచిన పట్టీ ఉండేది. గరిక వేర్లు మట్టిని గట్టిగా పట్టి ఉంచేవి. దాని మీద మెల్లగా పోతే ఎంత వానలోనైనా ఒక బండి దాటొచ్చు. కాన్పు, పాముకాటు, దవాఖాన - వీటికే ఆ గరిక. మామూలు రోజుల్లో దాని మీద ఎద్దులబండిని కూడా పోనిచ్చేవాళ్లు కాదు.

కంప పెట్టేది, తీసేది మా బాపు. రెండు కిడ్నీలూ పాడయ్యాక ఆయన నాగలి పట్టలేకపోయాడు, బస్తా ఎత్తలేకపోయాడు. సోమవారం, గురువారం నా జీపులోనే అచ్చంపేట దవాఖానకు తీసుకుపోయేవాణ్ణి. అక్కడ మిషను మీద రక్తం కడిగించుకుని వచ్చేవాడు. ఒక్కసారి తప్పినా కాళ్లు వాచి, ఊపిరి ఆడేది కాదు. చేతనయ్యే పని ఆయనకు ఇదొక్కటే మిగిలింది. తెల్లవారగానే కర్ర పట్టుకుని రేగడి దగ్గరికి పోయేవాడు. పిడికెడు మట్టి తీసి, ఉండ చేసి, నేలకేసి కొట్టేవాడు. ఉండ పొడిపొడిగా పగిలితే కంప తీసేవాడు. అప్పచ్చిలా అతుక్కుపోతే, "పదును రాలే" అని వెనక్కి వచ్చేవాడు. విత్తనానికి పదును చూసినట్టే బండికీ చూసేవాడు. ఊళ్లో ట్రాక్టర్లున్న ఆసాములు కూడా "పెద్దయ్య కంప తీసిండా?" అని కనుక్కున్నాకే తాళం తిప్పేవాళ్లు. ఒకప్పుడు ఆ ఆసాముల ఇండ్లలో జీతమున్న మనిషి ఆయన. ఇప్పుడు ఆయన మాట మీద వాళ్ల బండ్లు ఆగేవి. బాపు ఆ సంగతి ఎన్నడూ నోటితో అనలేదు గానీ, కంప దగ్గరికి పోయేటప్పుడు మాత్రం ఉతికిన పంచె కట్టుకునేవాడు.

పుబ్బ కార్తెలో ఒక శనివారం వాన దంచికొట్టింది. ఆదివారం పొద్దున నేను అచ్చంపేట నుంచి మనుషులను తెచ్చి, కంప దగ్గర దింపి, మొరం మీదే జీపు నిలుపుకున్నాను. వాళ్లు చెప్పులు చేతబట్టుకుని ఊళ్లోకి నడిచారు. సోమవారం బాపును ఎట్లాగూ గరిక మీద నుంచి తీసుకుపోవాలి, మెల్లగా లోపలికి పోదామా అనుకుంటున్నాను. అప్పుడే హైదరాబాదు నుంచి నాలుగు బండ్లు వచ్చి నా వెనక ఆగాయి.

ఒక్కొక్కటి ఒక ఇల్లంత ఉంది. దిగినవాళ్ల దగ్గర సెంటు వాసన గుప్పుమంది. వాళ్లలో ఒకడు ఏ బండి ఎంత బురదలో పోతుందో పోల్చి చూపించే వీడియోలు తీస్తాడట. అడవి అంచున మంచి బురద దొరుకుతుందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారట. రేగడిని చూసి వాడి కళ్లు మెరిశాయి. "సూపర్ స్పాట్ బ్రో" అన్నాడు. మా మెడకు చుట్టుకున్న ఉరితాడు వాడికి సూపర్ స్పాట్. థూ.

"ఈ ముళ్లెందుకు పెట్టారన్నా?" అని నన్నడిగాడు.

"వాన పడ్డది సార్. పదును రాలే. రెండొద్దులు ఆగాలె."

"పదునా? ఇవి ఫోర్ బై ఫోర్ బండ్లన్నా." అందరూ నవ్వారు. తర్వాత వాడు నా జీపు వైపు చూసి, "పాపం, ఇలాంటి బండ్లకైతే కావాలిలే" అన్నాడు.

ఆ 'పాపం' నా నెత్తికెక్కింది. తిడితే ఊరుకునేవాణ్ణేమో గానీ, నా బండి మీద జాలి చూపిస్తే ఓర్చుకోలేకపోయాను. నా ముఖం చూసి ఇంకొకడు కనిపెట్టాడు. "లేదు బ్రో, లోకల్ డ్రైవరంటే లెవెలే వేరు. అన్న జీపును కూడా పోటీలో పెడదాం" అన్నాడు. మునగచెట్టు ఎక్కించారు. ఎక్కాను.

కంప వాళ్లు తీయలేదు. నేనే తీశాను. చాలాకాలం ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. తుమ్మముల్లు అరచేతిలో దిగింది. పంటితో పీకి ఉమ్మేసి, కంపను గుంజుకుపోయి పక్క చేన్లో పడేశాను. పొద్దున్నే బాపు తన చేత్తో పెట్టిన కంప అది.

మొదట పొడవాటి తెల్లబండి దూకింది. ఇరవై గజాలు పోయి గిలగిలా కొట్టుకుని నిలిచిపోయింది. తర్వాత లావు టైర్ల పొట్టి బండి. అది సగం దాకా పోయింది గానీ, చక్రాలు దిగి, కడుపు నేలకు ఆని ఆగిపోయింది. మూడోది తెలివి చూపించబోయి పక్క చేన్లోకి తిరిగింది. పత్తి అప్పుడప్పుడే పూతకొస్తోంది. గుడ్డెద్దు చేన్ల పడ్డట్టు నాలుగు సాళ్లు తొక్కేసింది. అదీ అక్కడే దిగబడితే, నాలుగోదాన్ని మిగతావాటిని గుంజడానికని మొరం మీదే ఉంచుకున్నారు. బురద ఎగిరి ముఖాన పడితే వాళ్లు కేరింతలు కొట్టారు. నాకు ఆ క్షణం అసహ్యం వేయలేదు. అదే నా అసలు అసహ్యం. నా వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

నా వంతు వచ్చింది. రెండో గేరు వేసి, క్లచ్చు మీద నుంచి కాలు తీసి, ఎక్సలేటరు కదపకుండా గరిక మీదికి ఎక్కించాను. చక్రాల కింద గరిక నలుగుతున్నా జారలేదు. కారు ఎక్కిన పెండ్లికొడుకులా అటూ ఇటూ చూసుకుంటూ అవతల తేలాను. ఈలలు వేశారు. కెమెరా తెచ్చి నా ముఖం మీద పెట్టారు.

"టెక్నిక్ ఏంటన్నా?"

"గరిక మీద పోవాలె సార్" అన్నాను. ఇదే ఆ నవ్వు, ఇదే ఆ వీడియో.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఊరి ఆపద దారిని కెమెరా ముందు నేనే చూపించాను. ఇక చూడాలి. దిగబడిన బండ్లను ఇనుపతాళ్లతో ఒకదాన్నొకటి గుంజుకున్నారు. నాలుగూ గరిక మీద పడ్డాయి. మెల్లగా పోవడం వాళ్లకు రాదు, వచ్చినా అందులో మజా లేదు. టైర్లలో గాలి తగ్గించి ఒకసారి, నింపి ఒకసారి, వెనక్కొకసారి, ముందుకొకసారి. ఏది ఎంత పోతుందో పోల్చాలి కదా మరి. మట్టి చీలి గరిక వేర్లు తెల్లగా బయటపడ్డాయి. నేను ఆపమనలేదు. ఒకటి ఇరుక్కుంటే వెనక నుంచి భుజం పెట్టి నూకాను కూడా.

మధ్యాహ్నం అక్కడే బిర్యానీ తిన్నారు. తాగే నీళ్ల బాటిళ్లతో కాళ్లు కడుక్కున్నారు. చీకిన బొక్కలు, పొట్లాలు, బాటిళ్లు అన్నీ అక్కడే పారేసి, నా భుజం తట్టి వెళ్లిపోయారు. బురద పూసుకున్న బండ్లను కడగొద్దని, పట్నంలో అందరికీ చూపించాలని వాళ్లలో వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. పిల్లికి చెలగాటం అంటే ఇదే. ఎలుక సంగతి నాకు సాయంత్రానికి గానీ గుర్తుకు రాలేదు.

సాయంత్రం బాపు మట్టి చూడ్డానికి పోయివచ్చాడు. పంచె మోకాళ్ల దాకా నల్లగా ఉంది. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"కంపెవరు తీసిండ్రురా?"

"పట్నపోళ్లొచ్చిండ్రు బాపు" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఆయన నా చేతి వైపు చూశాడు. "అరచెయ్యి వాసిందేంది?"

నేను చేయి వెనక్కి పెట్టుకున్నాను. బువ్వ ముందు పెడితే ఆయన వద్దన్నాడు. ఆ తర్వాత ఇంకో ఏడాది బతికాడు గానీ, మళ్లీ కంప ముట్టలేదు. ఎవరైనా వచ్చి "పదునొచ్చిందా పెద్దయ్య?" అని అడిగితే, "నాకేమెరుక" అనేవాడు.

మర్నాడు సోమవారం పొద్దున ఆయన కాళ్లు వాచి నిగనిగలాడుతున్నాయి. పడుకుంటే ఊపిరాడడం లేదు. జీపులో కూర్చోబెట్టి గరిక దగ్గరికి తెచ్చాను. గరిక ఎక్కడుంది? దున్ని వదిలేసిన చేనులా ఉంది. పది గజాలు పోగానే వెనక చక్రాలు దిగబడ్డాయి. ముందు రోజు ఈలలు వేయించుకున్న బండి నక్క గోతిలో పడ్డట్టు కూలబడింది. పక్కింటాయన ట్రాక్టరు తెచ్చాడు. అది మా వెనక ఇరుసు దాకా దిగి, ముందు చక్రాలు గాలిలోకి లేపింది. అంబులెన్సుకు ఫోను చేస్తే మొరం మీదికి వచ్చి ఆగింది. డ్రైవరు అక్కడి నుంచే కేక వేశాడు, "గీడిదాకనే వస్తనన్నా. ఇంక ముందుకొస్తె నన్ను ఎవరు గుంజుతరు?" అతని మాటలో తప్పేమీ లేదు.

మంచం తెచ్చారు. బతికున్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోయడం మా దగ్గర ఎవరికీ ఇష్టముండదు. ఎదురొచ్చిన ఆడవాళ్లు ముఖం తిప్పుకుని పక్కకు నిలబడ్డారు. "తల ముంగట పెట్టుండ్రి, కాళ్లు ముంగట పెట్టకుండ్రి" అని పక్కింటాయన అరిచాడు. తల వైపు ఒక కోడు నేను పట్టుకున్నాను. తల కింద రెండు దిండ్లు పెట్టినా ఆయన ఎగశ్వాస తీస్తూనే ఉన్నాడు. అడుగు వేస్తే పిక్క దాకా దిగుతోంది, తీస్తే చెప్పు లోపలే ఉండిపోతోంది. ఇంత దూరంలో ఒక బిర్యానీ పొట్లం, అంత దూరంలో ఒక నీళ్ల బాటిల్. ఒకచోట మెత్తగా కాలికి తగిలితే ఏమిటా అని చూశాను. వాళ్లు తిని ఉమ్మేసిన తోలు ముక్క.

సగం దూరంలో బాపు "జర దించుండ్రి" అన్నాడు. దించాం. పక్కకు చేయి చాచి, గాడిలోంచి పిడికెడు మట్టి తీసుకున్నాడు. పిసికి ఉండ చేశాడు. నేలకేసి కొట్టడానికి బలం చాలక చేతిలోంచి జారవిడిచాడు. అది టప్పున పడి అతుక్కుపోయింది. మేం మళ్లీ ఎత్తాం.

కొంత దూరం పోయాక నా చెవి పక్కనే ఆయన గొంతు వినిపించింది.

"నిన్న పోటీ పెట్టుకున్నరట గద. ఎవని బండి గెలిచింది?"

"మనదే బాపు."

రెండు మూడుసార్లు గాలి పీల్చుకున్నాడు.

"మరి నన్ను మోస్తున్నవేందిరా?"

నా అరచేతిలో ముల్లు దిగిన చోటే మంచం కోడు ఒత్తుకుంటోంది. మొరం ఇంకా చాలా దూరం ఉంది.