కదలొద్దన్న మనిషి

మా ఆయన పిరికివాడు. పరువు తీద్దామని అనడం లేదు, ఊరందరికీ తెలిసిన సంగతే. ఉరిమితే మంచమెక్కి కాళ్ళు ముడుచుకుంటాడు. బల్లి మీద పడితే నన్ను కేకేస్తాడు. మా ఊరి మీదుండే సెమెరు అగ్నికొండ మామూలుకంటే కాస్త ఎక్కువ పొగ కక్కిందా, పంక్చర్ షాపు కట్టేసి వాకిట్లో నిలబడి దానికేసే చూస్తుంటాడు. "ఏమయ్యా, నువ్వు చూస్తే ఆగుతుందా అది?" అంటే, "చూడకపోతే ఇంకా భయంగా ఉంటుందే తుమినీ" అంటాడు.

అలాంటి మనిషి చేతిలో మా ఊరి బడి స్కౌట్ దళాన్ని పెట్టారు. పెట్టారంటే, నిజానికి ఎవరూ పెట్టలేదు. దళాన్ని నడిపే మాస్టారు బదిలీ మీద పోయాడు. జెండా కొయ్య కప్పీ బిగుసుకుపోతే బాగుచెయ్యమని ఈయన్ని పిలిచారు. పనయ్యాక పిల్లలంతా వరుసలో నిలబడి సెల్యూట్ కొట్టారట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "పుట్టి ఇన్నేళ్ళకి నాకు ఎవరో సెల్యూట్ కొట్టారే" అన్నాడు. ఇంక అంతే సంగతులు. మాకు పిల్లలు పుట్టరని అప్పటికే తేలిపోయింది కూడా. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. జీతం లేదు, భత్యం లేదు. శుక్రవారం నమాజు అవగానే చేతుల గ్రీజు కడుక్కుని, గోధుమరంగు చొక్కా తొడుక్కుని, మెడలో ఎరుపూ తెలుపూ రుమాలు కట్టుకుని బయల్దేరతాడు.

స్కౌట్లలో నాయకుణ్ణి, ఎంత ముసలాడైనా సరే, అన్నా అనే పిలవాలి. అందుకని అరవైకి దగ్గరపడ్డ మా ఆయన సుతిక్నోని పదేళ్ళ పిల్లలు "అన్నా, అన్నా" అని వెంట తిరుగుతారు. పక్కనే అరటిపండు బజ్జీల బుట్ట మోస్తున్న నన్ను మాత్రం "అవ్వా" అంటారు. ఆయనకంటే నేను ఆరేళ్ళు చిన్న! ఒళ్ళు మండిపోతుంది నాకు.

ఆ పిల్లల విషయంలో ఆయన భయాలకి అంతూపొంతూ లేదు. అస్తమానం లెక్కపెడుతుంటాడు. చెట్టెక్కనివ్వడు, గుంటలో దిగనివ్వడు. ఓసారి ఒక చిన్నపిల్ల ఎవరో పిలిచారనుకుని కర్రపెండలం తోటల్లోకి పోయి సాయంత్రానికిగానీ దొరకలేదు. అప్పట్నించీ కొత్త రూలు పెట్టాడు. దారి తప్పితే ఆఖరిసారి గుర్తు కనబడ్డ చోటే కూర్చోవాలి. ఎవరు పిలిచినా లేవకూడదు. తనే వచ్చి జట్టు నాయకురాలి నెత్తిన చెయ్యి పెడితేనే లేవాలి. పిల్లలు దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాళ్ళు. "కూర్చోవాలి! లేవకూడదు! అన్న చెయ్యి పడేదాకా కదలకూడదు!" వింటుంటే నాకు నవ్వొచ్చేది.

గుర్తులంటే జాడ ఆటలో పెట్టేవి. ముందు నాయకుడు వెళ్ళి దారి పొడుగునా రాళ్ళతో బాణాలు, పుల్లలతో అడ్డగుర్తులు పెట్టి వస్తాడు. జట్లు ఒకదాని వెనక ఒకటి వాటిని పట్టుకుని రావాలి. ఆఖర్న వచ్చే జట్టు ప్రతి గుర్తునీ కాలితో చెరిపేసి రావాలి, లేకపోతే ఇంకోరోజు ఇంకెవరో తప్పుదారి పడతారు. మా ఆయన పెట్టే దారి ఎప్పుడూ ఒకటే. బడి వెనక తోటలు, శ్మశానం గోడ, మసీదు మెరక, మళ్ళీ బడి. ఇసుక వాగు ఛాయలకి కూడా పోనివ్వడు. కొండ మీద వానపడితే బూడిదా బండరాళ్ళూ కలిసి ఆ వాగులోనే దిగుతాయి. కింద మాకు చుక్క వాన ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది. అదే దాని మాయ.

ఆ శుక్రవారం కూడా ఎండే. కొండ మాత్రం కనబడలేదు, నల్లమబ్బు దాన్ని నడుం దాకా మింగేసింది. నేను బజ్జీల బుట్టతో బడికి చేరేసరికి మా ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు.

"మల్లె జట్టు రాలేదే" అన్నాడు.

"వస్తారులే, ఆఖరి జట్టు కదా. చెరుపుకుంటూ రావాలిగా."

"మిగతావాళ్ళు వచ్చి చాలాసేపైంది."

మల్లె జట్టంటే ఏడుగురు ఆడపిల్లలు. వాళ్ళ నాయకురాలు వెనింగ్. మా వీధి చివర టోఫు చేసి అమ్మే ఇంటి పిల్ల, పన్నెండేళ్ళు, చెప్పింది చెప్పినట్టు చేసే రకం. చెప్పులు విప్పినా రెండూ సమానంగా పెడుతుంది. అలాంటి పిల్ల ఆలస్యం చెయ్యదు. బుట్ట గేటు దగ్గరే పడేసి ఆయన వెనకాల నడిచాను. ఆయన నడక కాదు, పరుగు.

తోటల దాకా గుర్తులన్నీ చెరిపి ఉన్నాయి. దారి రెండుగా చీలేచోట ఆయన పెట్టిన బాణం లేదు. రాళ్ళు చెల్లాచెదురుగా పడున్నాయి, చుట్టూ మేకల పెంటికలు. ముందు జట్లు పోయాక ఎవరి మందో అడ్డంపడి తొక్కేసింది. శ్మశానం వైపు దారిలో తర్వాతి గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. అంటే మల్లె జట్టు అటు రానేలేదు.

రెండో దారిలో నాలుగడుగులు వేసి ఆయన ఆగిపోయాడు. నేలమీద కాలితో ఈడ్చిన గీతలు, పక్కకి నెట్టిన పెద్ద పెద్ద రాళ్ళు. అక్కడ ఒక బాణం ఉండేది. పిల్లలు దాన్ని చూసుకుని, బుద్ధిగా చెరిపి మరీ పోయారు.

"నేను పెట్టలేదే ఇది. ఇంత పెద్ద రాళ్ళు నేను పెట్టను" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. వారం కిందట టౌన్ నించి ఏదో బడి స్కౌట్లు వచ్చి వాగులో ఆటలాడి పోయారు. పాటలూ, మైకులూ, ఫొటోలూ, ఒకటే హడావిడి. "ఇది దళమా, కోడిపిల్లల గంపా?" అని మా ఆయన్ని ఎగతాళి కూడా చేశారు. వాళ్ళ గుర్తులు వాళ్ళు చెరపకుండా పోయారు. వాళ్ళ చేతులు పడిపోను! ఆ మాట పైకే అరిచాను. ఆయన వినలేదు. ఆ చెరిపిన గీతలు చూసుకుంటూ వాగుకేసి పరిగెడుతున్నాడు. ఒక్కో గుర్తూ ఎంత శుభ్రంగా చెరిపారో చూస్తుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

గట్టు ఇంకా రాకముందే దుంగ మోత మొదలైంది. వాగు ఒడ్డున బోలు దుంగ ఒకటి వేలాడదీసి ఉంటుంది. ఇసుక తవ్వేవాళ్ళలో జార్వో అనే అతను దాని కాపలా. ఆగి ఆగి కొడితే చావు కబురు. ఆగకుండా గడగడా కొడితే వరద. జార్వో ఆగకుండా కొడుతున్నాడు. ఇసుక లారీలు హారన్లు మోగిస్తూ గట్టెక్కుతున్నాయి.

"జార్వో! పిల్లలేరీ?" అని అరిచాను.

అతను కొట్టడం ఆపకుండానే గడ్డంతో చూపించాడు. "అరిచీ అరిచీ గొంతు పోయింది వదినా! దగ్గరిదాకా పోయి పిలిచాను. లేవరే! తలలడ్డంగా ఊపుతున్నారు!"

వాగు నడిమధ్యలో ఇసుక దిబ్బ మీద ఏడుగురూ వరుసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు రాళ్ళ బాణం. దాని తర్వాతి గుర్తులు ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటాయి. ఆఖరి గుర్తు దగ్గర కూర్చోమన్నాడు కదా అన్న, కూర్చున్నారు. భయం పోవడానికి చప్పట్లు కొడుతూ పాట పాడుకుంటున్నారు. మమ్మల్ని చూడగానే అందరూ కూర్చున్నచోటే నడుం నిటారుగా పెట్టి సెల్యూట్ కొట్టారు.

"రండే! లేచి రండే!" మా ఆయన రెండు చేతులూ ఊపాడు. విజిల్ ఊదాడు. వెనింగ్ కూడా చెయ్యి ఊపింది, ఇక్కడే ఉన్నాం అన్నట్టు. కదల్లేదు. ఆయన చెయ్యి నెత్తిన పడలేదుగా.

పైనించి మోత వినబడుతోంది. మోత కూడా కాదు, అరికాళ్ళ కింద నేల వణుకు. ఆయన చొక్కా పట్టుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ క్షణాన ఆ పిల్లలు నాకు గుర్తులేరు. "పోకయ్యా, నువ్వు పోతే నాకెవరున్నారు" అన్నాను. ఆయన నాకేసి చూశాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "భయమేస్తోందే తుమినీ" అన్నాడు. అని, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి గట్టు దిగాడు.

వాగులో అడుగుపెట్టని మనిషి ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. చెప్పొకటి ఊడిపోయింది. దిబ్బ ఎక్కి వెనింగ్ నెత్తిన చెయ్యి వేశాడు. వేసిన మరుక్షణం ఏడుగురూ లేచారు. ఎంత ముద్దుగా లేచారనుకున్నారు, వరుస తప్పకుండా! అందరికంటే చిన్నదాన్ని చంకనెత్తుకుని, మిగతావాళ్ళని ముందు తోలుకుని ఆయన పరుగందుకున్నాడు. జార్వో దుంగ వదిలేసి సగందాకా దిగి ఒక్కొక్కరినీ గట్టు మీదికి విసిరినట్టే అందించాడు. నేను లాగాను. ఆరుగురు.

వెనింగ్ లేదు.

తల తిప్పి చూస్తే ఆ పిల్ల దిబ్బ మీదే ఉంది. ఆఖరి జట్టు కదా. బాణం రాళ్ళని కాలితో పక్కకి నెడుతోంది, ఒక్కొక్కటే.

మా ఆయన నోట అలాంటి అరుపు నేనెన్నడూ వినలేదు. బూతులు తిట్టాడు. ఎన్నడూ పిల్లల ముందు చిన్న మాట తూలని మనిషి, తిడుతూనే వెనక్కి పరిగెత్తాడు. జుట్టు పట్టుకున్నాడో రుమాలు పట్టుకున్నాడో తెలీదు, ఈడ్చుకొచ్చాడు. జార్వో ఇద్దరినీ పైకి లాగుతుండగా వంపు తిరిగి వచ్చింది అది. నీళ్ళు కాదు. బురద కాదు. తడి సిమెంటులాంటిది, ఇళ్ళంత బండల్ని దొర్లించుకుంటూ. దిబ్బ కనబడలేదు. దిబ్బ ఉండేదని కూడా తెలియలేదు.

గట్టు మీద కూలబడి ఆయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నమ్మకం కుదరక, ఒక్కొక్కరి మొహమూ తడిమి చూశాడు.

"తిట్టారు అన్నా మీరు" అని వెనింగ్ వెక్కి వెక్కి ఏడ్చింది. "రూలు ప్రకారమే చెరిపాను కదా!"

ఆ మరునాడు వెనింగ్ వాళ్ళమ్మ టోఫు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కేకలేస్తుందని చూశాను. వేసినా బాగుండేది. గడపలో నిలబడి, "నీ మాట వింటుందనే పంపాను బాబాయ్. విన్నది" అని మాత్రం అంది. పళ్ళెం కింద పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన ఆ టోఫు ముట్టలేదు. షాపు తెరవలేదు. గోడకి ఆనుకుని కూర్చుని అదే మాట. "నేను కూర్చోమన్నాననే కూర్చున్నారే. నా భయం వాళ్ళ నెత్తిన రుద్దాను."

"నువ్వే కదయ్యా వాళ్ళని ఒడ్డుకి తెచ్చావు."

"నేను రాలేకపోతే? గుండాగితే? ఎవరి చెయ్యి పడాలే వాళ్ళ నెత్తిన?"

నేను కూడా రెండు రాత్రులు నిద్రలో ఆ చప్పట్లే విన్నాను.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. చొక్కా తొడుక్కోడనుకున్నాను. తొడుక్కున్నాడు. జార్వోని బతిమాలి పాత దుంగ ఒకటి తెచ్చి బడి మైదానంలో కట్టించాడు. నా చేతికి కర్ర ఇచ్చాడు. పిల్లలు తక్కువే వచ్చారు. వెనింగ్ వచ్చింది, వాళ్ళమ్మ గేటు బయట నిలబడి చూస్తోంది.

నేలమీద రాళ్ళతో బాణం పెట్టి, దాని చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టాడు. "కదలొద్దు" అన్నాడు. నాకు సైగ చేశాడు. గడగడా కొట్టాను. పిల్లలు ఆయన మొహంకేసి చూస్తూ కూర్చున్నారు.

"దుంగ వినబడితే పరిగెత్తాలి. మసీదు మెరకకి. గుర్తు చెరపక్కర్లేదు, నన్ను చూడక్కర్లేదు" అన్నాడు.

"మీరు కదలొద్దన్నారుగా అన్నా?" అంది వెనింగ్.

"అన్నాను. అన్నా సరే."

మళ్ళీ కొట్టాను. ఇద్దరు లేచి, ఆయన కళ్ళలోకి చూసి, మళ్ళీ కూర్చున్నారు. ఇంకోసారి. ఇంకోసారి. నా రెక్కలు పడిపోయాయి. ఇన్నాళ్ళూ ఎక్కంలా నేర్పింది ఒక మధ్యాహ్నంలో ఊడుతుందా? ఆయన మొహం నిండా చెమట. అది ఎండకి కాదు, నాకు తెలుసు.

ఆఖరికి ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్ళ మీదికి విరుచుకుపడ్డాడు. "కూర్చోండి! లేచారంటే ఊరుకోను! అన్న మాటంటే లెక్కలేదా మీకు?" నిజంగానే అరిచాడు. ఆ అరుపులోనే నేను దుంగ కొట్టాను.

వెనింగ్ లేచింది. ఏడుపు మొహంతో ఆయన్ని చూసింది. తర్వాత చూడ్డం మానేసింది. పక్కనున్న చిన్నదాని చెయ్యి పట్టుకుని పరుగు తీసింది. దానితో అందరూ లేచారు, ఒకరినొకరు లాక్కుంటూ, అరుచుకుంటూ, చెప్పులు వదిలేసి, ఆయన్ని తోసుకుంటూ పోయారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. రాళ్ళ బాణం రాళ్ళ బాణంలాగే ఉంది.

కర్ర పడేసి ఆయన దగ్గరికి వెళ్ళాను. మైదానం మధ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, ఒక్కళ్ళూ నీ మాట వినలేదే" అన్నాను.

"వినలేదే తుమినీ" అన్నాడు, మెడ రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా వినలేదు."

అని, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మసీదు మెరకకేసి చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.