కోత పండుగ ఫోటోకి ఏ లెన్సు

చిలకలూరిపేట దాటి మిరప కళ్ళాల మధ్యగా వెళితే మా ఊరు వస్తుంది. చర్చి ఎదురుగా దయారత్నం గారి స్టూడియో. పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ ఆయన కూడా అందరిలాగే డిజిటల్ కెమెరానే వాడతారు. ఏడాదికొక్కసారి, కోత పండుగ నాడు మాత్రం బీరువాలోంచి పాత రీలు కెమెరా బయటికి వస్తుంది. నిలబడి, తల వంచి, పైనున్న గాజు పలక మీద బొమ్మ చూసుకునే రకం అది. దాని ఫిల్ము మూడు వేళ్ళ వెడల్పు ఉంటుంది.

పండుగ ఆరాధన అయ్యాక, విశ్వాసులు తెచ్చిన మిరపకాయలూ పత్తీ గుమ్మడికాయలూ వేలం వేయకముందే, సంఘమంతా చర్చి మెట్ల మీద నిలబడుతుంది. నడి వరుసలో పాస్టరు గారు బైబిలు పట్టుకుని ఉంటారు. దాని బంగారు అంచు గాజు పలక మీద గీతలా తేలే వరకూ దయారత్నం గారు లెన్సు తిప్పుతారు. ఆ తర్వాతే మీట నొక్కుతారు.

రీలు కెమెరా ఎందుకంటే, మా వాళ్ళలో చాలామందికి విడిగా తీయించుకున్న మంచి ఫోటో ఉండదు. ఇంట్లో ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే స్టూడియోకి వచ్చి, "మూడో వరుసలో మా అమ్మ ఉంటదండీ, ఆ మొహం పెద్దది చేసివ్వండి" అంటారు. సెనగ గింజంత మొహం గోడకు తగిలించే పటం కావాలి. ఫోన్లో తీసిన గుంపు ఫోటోని అంత పెంచితే మొహం పిండిముద్దలా అయిపోతుంది.

కిందటి వానాకాలం కరుణమ్మ పోయింది. జ్వరంతో ఉన్నా తెల్లారే లేచి చర్చి వాకిలి ఊడ్చిన మనిషి. ఆమె కొడుకు బెన్నీ ఫోటో కోసం వచ్చాడు. పెంచి చూస్తే మొహం ఉంది గానీ కళ్ళు చెదిరిపోయి, నీళ్ళలో తడిసిన సిరాలా ఉన్నాయి.

"బాగానే ఉందిలే బాబాయ్. ఫోటో అంటే అమ్మకి సిగ్గుగదా. తల తిప్పేసుకుని ఉంటది" అని బెన్నీ పటం గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయాడు.

మంచితనంతో అన్న మాటే. అందుకే ఆయనకి అన్నం సయించలేదు. ఆయన తీసిన ఫోటోల్లో ఇంకా ఎంతమంది కళ్ళు అలా చెదిరి ఉన్నాయో ఆయనకే తెలియదు. లెన్సు పాతబడిందనుకున్నారు. లోపల బూజు పట్టిందేమో అనుకున్నారు. మళ్ళీ కోత పండుగ దగ్గర పడుతుంటే, గుంటూరులో కెమెరాలు బాగుచేసే ఇమాం హుస్సేన్‌ను అడిగి, అదే కెమెరాకి పట్టే ఇంకో లెన్సు తెచ్చుకున్నారు. "ముందు రెండూ పోల్చి చూడండి. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి" అన్నాడు ఇమాం హుస్సేన్.

పరీక్ష కళ్ళంలోనే పెట్టారు. తొక్కి కుట్టిన మిరప బస్తాలను, అదే టిక్కీలను, ఒకదాని వెనక ఒకటిగా, కాస్త పక్కకి జరిపి ఏటవాలుగా నిలబెట్టించి, ఒక్కోదానికీ రోజుకో వాక్యం ఉండే గోడ క్యాలెండర్ కాగితం గుచ్చారు. మధ్య టిక్కీ మీది అక్షరాలకి గురి కుదిర్చి పాత లెన్సుతో తీశారు, కొత్తదానితో తీశారు. కాయల ఘాటుకి కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కోతలు మొదలయ్యాక మా దగ్గర ఎవరి కళ్ళకైనా అంతే. మసకేస్తే తుడుచుకుంటాం, ఘాటు అనుకుంటాం.

రీలు గుంటూరులో ఇమాం హుస్సేనే కడిగాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"నడిమధ్యన రెండు లెన్సులూ సమానం. అంచులకొచ్చేసరికి మీ పాతది మెత్తబడి మసకేస్తంది, కొత్తది చెదరకుండా నిలబడతంది. కరుణమ్మ గారు ఎక్కడ నిలబడ్డారు, చివర్నా?"

"కాదు. పాస్టరు గారి పక్కనే."

ఇమాం హుస్సేన్ భూతద్దం కింద పెట్టాడు. "ఇంకోటి అడుగుతాను, ఏమనుకోకండి. మీరు గురిపెట్టింది ఏ టిక్కీకి?"

"మధ్యదానికి."

"రెంటిలోనూ దాని వెనకది స్పష్టంగా ఉంది రత్నం గారూ. రెండు లెన్సులు ఒకే తప్పు చెయ్యవు."

"అయితే గాజు పలక కదిలిందేమో."

ఇమాం హుస్సేన్ కెమెరా విప్పి, కొలిచి, మళ్ళీ బిగించాడు. పలక ఉండాల్సిన చోటే ఉంది. అది నోటితో చెప్పలేదు. టీ తెప్పించి, గ్లాసు బల్ల మీద పెట్టకుండా ఆయన చేతికే అందించాడు. "ఘాటులో చూశారు గదా. ఓసారి డాక్టరుకి చూపించుకోండి, పోయేదేముంది" అన్నాడు.

బస్సులో ఆయన కిటికీలోంచి సైన్‌బోర్డులు చదవబోయి మానుకున్నారు. ఇంట్లో భార్య సువార్త కూడా ఈమధ్య టీ గ్లాసు చేతికే ఇస్తోందని అప్పుడు తట్టింది. గడప దగ్గర చెప్పులు పక్కకి జరిపి పెడుతోంది. ఒక్క మాట కూడా అనలేదు ఆవిడ. ఎప్పటినుంచి ఇలా? ఫోటోలు తీయడం తప్ప ఇంకో పని చేతకాదు. ఇంటికొచ్చి ఆవిడతో లెన్సుల సంగతి చెప్పారు గానీ టిక్కీల సంగతి చెప్పలేదు.

"ఏ లెన్సు పెడతన్నారు మరి?" అంది సువార్త.

"కొత్తదే. వరస చివర నిలబడేది పనిలోంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళే గదా. ఎప్పుడూ వాళ్ళ మొహాలే మెత్తగా పడతన్నాయి."

శనివారం సాయంత్రం ప్రార్థనలో ఆయన పెద్దగా ఏమీ అడగలేదు. రేపు ఆ ఒక్క గీత కనబడితే చాలు ప్రభువా, అనుకున్నారు.

ఆదివారం ఎండ చురుక్కుమంటోంది. సంఘం మెట్ల మీద సర్దుకుంది. పాస్టరు గారు బైబిలు ఛాతీకి ఆనించి నిలబడ్డారు. దయారత్నం గారు తల వంచి చూశారు. పలక మీద బంగారు గీత లేదు, పసుపు మరక ఉంది. లెన్సు ఇటు తిప్పారు, అటు తిప్పారు. మరక పెరిగింది, తరిగింది, గీత కాలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏందన్నా, మేం ఎండి వరుగులైపోయేట్టున్నాం" అని వెనక వరుస నుంచి ప్రకాష్ కేకేశాడు. అందరూ నవ్వారు.

"ఆగరా, ఎండితేనే గదా రేటు" అందొక ముసలామె.

ఆయన నవ్వలేదు. ఉజ్జాయింపుగా నొక్కేయవచ్చు, ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు పోయిన రోజున తెలుస్తుంది. ముందు వరుసలో చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళూ, చేతికర్రల మీద ఆనుకున్నవాళ్ళూ ఆయన వంకే చూస్తున్నారు. బెన్నీ తన తల్లి నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు.

దయారత్నం గారు తల ఎత్తారు. "సువార్తా, ఒకసారి ఇటు రా. నాకు కనబడటం లేదు."

నవ్వులు ఆగిపోయాయి. మూడో వరుసలోంచి సువార్త దిగి వచ్చింది. ఆశ్చర్యపడలేదు. ఆయన తన చేతిని ఆవిడ చేతి మీద పెట్టి లెన్సు తిప్పడం చూపించారు.

"పాస్టరు గారి బైబిలు అంచు చూడు. సన్నగా గీతలాగా అవ్వాలి."

"ఉండండి. ఇంకొంచెం. ఆఁ, వచ్చింది."

"కదిలించకు. ఇంక పోయి నీ చోట నిలబడు."

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లెక్కింది. పక్కనున్న క్రిస్టీనా చెయ్యి అందించి లాగింది. ఆయన పలక వైపు చూడకుండానే మీట నొక్కారు.

ఆ మధ్యాహ్నమే రీలు ఇంట్లో కడిగారు. ఆరాక సువార్త కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తిపట్టి భూతద్దంలోంచి చూసింది. నెగటివ్ గదా, అందరికీ తెల్లజుట్టే. ఆయన మంచం మీద కూర్చుని, అడగటానికి భయపడుతూ ఆవిడ నోటి వంకే చూశారు.

"బెన్నీ కళ్ళు చక్కగా ఉన్నాయి. ఈ చివర ప్రకాష్, పళ్ళు కూడా కనపడతన్నాయి. ఆ చివర స్తుతి, చెవిపోగులతో సహా."

"నువ్వో?"

"పరిగెత్తుకొచ్చినదానిలాగా ఉన్నా."

ఆయన మంచం మీంచి లేచారు. "రేపు పొద్దున బస్సుకి గుంటూరు పోదాం" అన్నారు.

"ఫోటో వేయించటానికా?"

"దానికీ. కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా. నువ్వు నా పక్కనే ఉండాలి. ఏం చెబుతాడోనని భయంగా ఉంది."

సువార్త నెగటివ్ జాగ్రత్తగా చుట్టి కవర్లో పెట్టింది. పొద్దున్నకి ఏ చీర కట్టుకోవాలో చూడటానికి లోపలికి వెళ్ళింది.