ఎడమ సీటుకి కృతజ్ఞతా కూడిక

మా ఆయనా నేనూ ఇద్దరం పైలట్లం, ఇద్దరం కుడి సీటు వాళ్లం. విమానంలో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు కో-పైలట్‌ది. ఇద్దరు కో-పైలట్లని ఒకే విమానంలో ఎవరూ కూర్చోబెట్టరు కాబట్టి, పెళ్లయి ఇన్నేళ్లయినా మేం ఒక్కసారి కూడా కలిసి విమానం నడపలేదు. ఒకే ఇస్త్రీ పెట్టెతో రెండు యూనిఫాంలు ఇస్త్రీ చేసుకుని, రెండు క్యాబ్‌లెక్కి, ఒకరం గువాహటికీ ఒకరం కోచికీ పోయేవాళ్లం. చెన్నైలో మా అద్దె ఫ్లాట్‌లో ఫ్రిజ్ మీద అంటించిన డ్యూటీ చార్టు చూసి, ఇవాళ ఇంట్లో ఎవరుంటారో మాకంటే ముందు మా పనావిడే చెప్పేది.

అలాంటి ఇంటికి ఒక రోజు రెండు మెయిళ్లు వచ్చాయి. గల్ఫ్ వైపు ఒక విమాన కంపెనీ పెట్టిన పరీక్షలకి ఇద్దరం వెళ్లొచ్చాం. ఎవరో ఒకరు ఫెయిలవుతాం, గొడవ వదిలిపోతుంది అనుకున్నాం. ఇద్దరం పాసైపోయాం! ఇద్దరికీ కెప్టెన్ ఉద్యోగాలు. ఇక్కడ మా వంతు ఎప్పుడొస్తుందో అడిగితే మా కంపెనీలో అందరూ "త్వరలో" అనేవారు. ఆ "త్వరలో" వింటూ వింటూ నా జుట్టులో రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. మెయిలు చదివి మా ఆయన కుక్కర్‌కి సెల్యూట్ కొట్టాడు. నేను గరిటెతో ప్యాసింజర్లకి అనౌన్స్‌మెంట్ చేశాను. ఆ రాత్రి మంచం మీద ఎడమ వైపు ఎవరు పడుకోవాలనే దాని మీద నిజంగానే పోట్లాడుకున్నాం. ఆ దేశంలో కారు స్టీరింగ్ కూడా ఎడమ వైపే ఉంటుందని అతను ఎక్కడో చదివి వచ్చి మరీ మురిసిపోయాడు.

నిజం చెప్పాలంటే నాకంటే అతనికే ఆ ఉద్యోగం ఎక్కువ కావాలి. అతనితో చదివిన వాళ్లు వేరే కంపెనీల్లో చేరి ఎప్పుడో కెప్టెన్లయిపోయారు. వాళ్ల ఫోటోలకి లైకు కొట్టేటప్పుడు అతని మొహం చూడాలి, మందు మింగే పిల్లాడిలా పెట్టేవాడు.

సోమవారం లోపు జవాబివ్వాలి. ప్రశాంతంగా ఆలోచించుకుందామని సెలవు పెట్టి అండమాన్‌కి, పోర్ట్‌బ్లెయిర్ డెలానీపూర్‌లో ఉన్న మా అమ్మానాన్నల ఇంటికి బయల్దేరాం. మా ఇంట్లో ప్రశాంతంగా ఆలోచించుకోవచ్చని ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి. పోర్ట్‌బ్లెయిర్ రన్‌వేకి ఒక చివర కొండ ఉంటుంది. అందుకని విమానాలన్నీ రెండో వైపు నుంచే వచ్చి దిగాలి. గాలి ఎటు వీచినా సరే, దిగే దారి అదొక్కటే. అందుకే మా కంపెనీలో ఆ రన్‌వే మీద దింపే పని కెప్టెన్‌దే, కో-పైలట్ ముట్టుకోకూడదు. నేనేమో ఆ ఊళ్లో పుట్టిన దాన్ని. స్కూలు మెట్ల మీద కూర్చుని ఆ విమానాలు చూస్తూ లెక్కలు తప్పు చేసిన దాన్ని. కో-పైలట్‌గా ఎన్నోసార్లు సొంత ఊరికి వచ్చాను గానీ, ప్రతిసారీ చేతులు ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్లు దింపుతుంటే ఎత్తులూ వేగాలూ చదివి చెప్పడమే నా పని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రన్‌వే మీద ఒక్కసారి నా చేత్తో దింపాలని నాకు పిచ్చి. గల్ఫ్‌కి వెళ్తే ప్రపంచంలో ఏ రన్‌వే మీదైనా దింపుతాను, ఇది తప్ప. వెళ్లకపోతే, ఆ "త్వరలో" ఎప్పటికైనా వస్తే, దింపుతాను. ఒక్క రన్‌వే కోసం చేతికొచ్చిన కెప్టెన్ ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా అని నన్ను నేనే తిట్టుకుని, ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

శనివారం టికెట్ కొనుక్కున్న ప్యాసింజర్లలా వచ్చి దిగాం. గుమ్మంలోనే అమ్మ నన్ను వాటేసుకుంది.

"స్తోత్రం! రేపు సాయంత్రం కూడిక పెట్టీసినాను. చర్చిలో అందరికీ చెప్పీసినాను. కేక్ ఆర్డర్ ఇచ్చీసినాను. పక్కా."

"ఏం కూడికమ్మా?"

"ఏటే అలగడుగుతావు? కృతజ్ఞతా కూడిక. ఇద్దరికీ కెప్టెన్ ఇచ్చినాడు కదా దేవుడు!"

"మేమింకా ఊఁ అనలేదమ్మా. ఆలోచించుకోవడానికే వచ్చాం."

"నువ్వనకపోతే ఏటయింది, నానన్నాను కదా."

మా తెలుగు చర్చి సంఘంలో పద్ధతి అదే. ఏదైనా మంచి జరిగితే ఇంట్లో కూడిక పెట్టాలి, పాట పాడాలి, దేవుడు చేసిన మేలేంటో లేచి సాక్ష్యం చెప్పాలి, అందరికీ భోజనం పెట్టాలి. కొత్తగా కొన్నదేదైనా సరే, పాస్టర్ గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే దాకా వాడకూడదు. మా ఇంట్లో స్కూటర్, ఫ్రిజ్, మిక్సీ అన్నీ ప్రార్థన అయ్యాకే పని మొదలుపెట్టాయి. మిక్సీ మాత్రం వారానికే కాలిపోయింది. అమ్మ ఆ మాట ఎత్తనివ్వదు.

ఆదివారం మధ్యాహ్నానికే సిప్పీఘాట్ నుంచి పిన్ని వచ్చేసింది, తోటలో కాసిన వక్కలు పట్టుకుని, చంకలో ఒక కోడిని పెట్టుకుని. దిగే విమానాలు ఆమె తోట పక్క నుంచే వస్తాయి. అందుకని వాటి మీద ఆమెకి కొంత హక్కుంది.

"నా కోళ్లకి తెలిసిపోద్దే నువ్వొస్తే. వేరేవోళ్లు దింపితే గోలగోల చేస్తాయి. నువ్వు దింపితే చుప్‌చాప్ పడుంటాయి."

"పిన్నీ, నిన్న నేను వెనక వరసలో కూర్చుని వచ్చాను. మధ్యలో సమోసా కూడా తిన్నాను."

"అయితే ఏటి? లోపల ఉన్నావు కదా."

మా ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాడు. అక్కడ నాన్న పట్టుకున్నాడు. నాన్న హార్బర్ ఆఫీసులో రిటైరయ్యాడు, దేన్నైనా దిగే చోటుని బట్టే అంచనా వేస్తాడు.

"అల్లుడుగారూ, అక్కడ రన్‌వేకి కొండుందా?"

"లేదండీ మావయ్యగారూ. అంతా ఇసకే. చదునుగా ఉంటుంది."

"మరేటి మజా?" అన్నాడు నాన్న, పాపం అన్నట్టు చూసి.

మా కాపురంలో ఉన్న ఒక చట్టం గురించి కూడా చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు పిచ్చిగా అనిపిస్తుంది. విమానం దిగేటప్పుడు ఇద్దరు పైలట్లలో ఎవరికి ఏది తేడాగా అనిపించినా "గో అరౌండ్" అనొచ్చు. అంటే, దిగొద్దు, మళ్లీ పైకి లేపు అని. కెప్టెన్ అన్నా, కో-పైలట్ అన్నా ఒకటే. రెండోవాళ్లు ఎందుకని అడగకూడదు, వాదించకూడదు. ముందు పైకి లేవాలి, కారణం తర్వాత మాట్లాడుకోవాలి. పెళ్లయిన కొత్తలో ఈ పద్ధతిని ఇంట్లో కూడా పెట్టుకున్నాం. ఒకసారి బట్టల కొట్లో నేను ఊదారంగు చీర బిల్లు చేయించబోతుంటే అతను గో అరౌండ్ అన్నాడు. చీర కౌంటర్ మీద వదిలేసి బయటికి వచ్చేశాం. వాళ్ల మేనత్త ఇంట్లో అతను మూడోసారి బిర్యానీ పెట్టించుకుంటుంటే నేను అన్నాను. ప్లేటు వెంటనే వెనక్కి తీశాడు, మేనత్త నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. ఈ మాటని తమాషాకి వాడకూడదని మాత్రం ఒట్టు పెట్టుకున్నాం.

సాయంత్రం హాలంతా ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టర్ గారు బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వచ్చారు. తిరుగు ఫెర్రీ దొరకాలి కాబట్టి ఆయన వచ్చీ రాగానే పాట ఎత్తుకున్నారు. బల్ల మీద విమానం ఆకారంలో కేక్. బేకరీ వాడు రెక్కలు రెండూ ఒకే వైపు పెట్టాడు. నా లోపలి పైలట్ ఉలిక్కిపడింది గానీ, క్రీమ్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. అందులో నేను తుఫానులో, వానలో, ఒకసారి పొగమంచులో కూడా పోర్ట్‌బ్లెయిర్‌లో విమానం దింపాను. ఇక్కడ పొగమంచు ఎక్కడిదమ్మా అని నేను గొణిగితే, పిన్ని "ఆమెన్" అని గట్టిగా అరిచి నా నోరు మూయించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రన్‌వే మీద నా చేతులు ఒళ్లోనే ఉంటాయని అక్కడ తెలిసింది ఇద్దరికే.

అప్పుడు నాన్నకి ఒక ఆలోచన వచ్చింది.

"ఇంకా జవాబు పంపలేదంట కదా. పాస్టర్ గారు ఫోన్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసీసినాక అందరి ముందూ నొక్కీండి. ఏటంటారు?"

అందరూ సరే అనేవాళ్లే. మా ఆయన కళ్లు మెరిశాయి. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. కేక్ తిన్న ఊపో, పాటల ఊపో, నాకూ ఒళ్లు తెలీలేదు. పోనీ, అయిపోతే పీడా వదిలిపోతుంది అనిపించింది. రెండు ఫోన్లనీ స్టీలు పళ్లెంలో పెట్టారు. పాస్టర్ గారు రెండింటి మీదా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఎడారిలో మాకు తోడుగా ఉండమనీ, ఎక్కడ దిగినా క్షేమంగా దించమనీ, మధ్యలో ఫెర్రీని కూడా కాస్త ఆపమనీ ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ముందు నువ్వే అని మా ఆయన తన ఫోన్ జేబులో వేసుకుని, నా ఫోన్ నా చేతిలో పెట్టాడు. మెయిల్ తెరిచాను. ఒప్పుకుంటున్నాను అనే బటన్ మీదికి వేలు తెచ్చాను. పిన్ని చంకలో కోడి కూడా చప్పుడు చెయ్యలేదు.

"గో అరౌండ్."

మా ఆయనే. గొంతు మామూలుగా, కాక్‌పిట్‌లో అన్నట్టే అన్నాడు.

నా చెయ్యి దానంతటదే గాల్లోకి లేచిపోయింది. "గోయింగ్ అరౌండ్," అన్నాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి నెత్తి మీద, నోట్లో కేక్, హాలు నిండా జనం. ఇదేదో పైలట్ల ప్రార్థన అనుకుని వెనక వరసలో ఒకావిడ "స్తోత్రం" అంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే పెరట్లోకి నడిచాను, అతను నా వెనకే వచ్చాడు.

పైకి లేచాం కాబట్టి ఇప్పుడు అడగొచ్చు. "ఎందుకు?" అన్నాను.

"నిన్న వస్తుంటే, సిప్పీఘాట్ దాటగానే నీ కాళ్లు ముందు సీటు కింద, కాక్‌పిట్‌లో రడ్డర్ పెడళ్లు తొక్కినట్టు తొక్కడం మొదలుపెట్టాయి. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నీకు తెలీనే లేదు. చేతిలో సమోసా ఉంది కదా, దాన్ని కూడా మెల్లగా వెనక్కి లాగుతున్నావు, విమానం ముక్కు లేపుతున్నట్టు."

నాకు మొహం వేడెక్కింది. "అయితే?"

"నాకు ఎడమ సీటు చాలు, ఊరేదైనా ఒకటే. నీకు అలా కాదు. ఇక్కడ దింపకుండా వెళ్లావంటే ఎక్కడ దింపినా మనసు ఇక్కడే తొక్కుతూ ఉంటుంది."

నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అది దాచడానికేం లేదు. పెళ్లి నాడు కూడా ఈ మనిషిని చూసి అంత మురిసిపోలేదు. "మరి నువ్వు? నువ్వెళ్లు. నేను ఆగుతాను," అన్నాను.

"ఒక్కణ్ణీ వెళ్లి మంచం మీద ఎడమ వైపు కోసం ఎవరితో పోట్లాడను?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, జేబులో చెయ్యి పెట్టి ఫోన్‌ని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అది నేను చూశాను. ఇంకోసారి వెళ్లమని చెప్పడానికి నోరు తెరిచేసరికి తనే ఫోన్ తీసి, వద్దని జవాబు కొట్టి పంపేశాడు. నేనూ పంపాను.

లోపలికి వెళ్లి సంగతి చెప్పాం. పాస్టర్ గారు గడియారం చూసుకున్నారు. అందరికంటే ముందు తేరుకుంది అమ్మే.

"ఏటయిపోయింది ఇప్పుడు? చెప్పీసిన స్తోత్రం వాపస్ తీసుకుంటామేటి? అడ్వాన్స్ అనుకోండి. బిర్యానీ చల్లారిపోతంది, లెగండి."

ఆ తర్వాత "త్వరలో" అంత త్వరగా ఏం రాలేదు. మధ్యలో ఎన్నోసార్లు ఆ గో అరౌండ్‌ని తిట్టుకున్నాను. ఎప్పుడైనా ఇద్దరం ఎయిర్‌పోర్టులో ఉండగా ఆ గల్ఫ్ కంపెనీ విమానం ఆగి కనిపిస్తే మా ఆయన మాట్లాడకుండా ఫోన్ తీసి క్రికెట్ స్కోరు చూసుకునేవాడు. చివరికి నా వంతు వచ్చింది. పరీక్షలు, సిమ్యులేటర్, మళ్లీ పరీక్షలు. ఆఖరికి ఒక ఉదయం, ఎడమ సీట్లో నేను, కుడి సీట్లో నన్ను కనిపెట్టుకుని ఉండే శిక్షకుడు, ముందు పోర్ట్‌బ్లెయిర్. ఎదర కొండ, కింద పిన్ని తోట, నా చేతుల్లో నిజమైన బరువు. గాలి తన బుద్ధి చూపించింది, నేను నాది చూపించాను. చక్రాలు కొంచెం గట్టిగానే తగిలాయి. శిక్షకుడు "ఊఁ" అన్నాడు. ఆ మనిషికి నేను ఎందుకంత నవ్వుతున్నానో అర్థం కాలేదు.

తలుపు తెరిచాక ప్యాసింజర్లకి వీడ్కోలు చెప్పడానికి కాక్‌పిట్ గుమ్మంలో నిలబడ్డాను. వరసలో మధ్యలో మా ఆయన వచ్చాడు. నాకు చెప్పకుండా టికెట్ కొనుక్కుని ఎక్కాడు. భుజాన సంచి, నలిగిన చొక్కా. నా ముందుకొచ్చి ఆగి, నవ్వకుండా, నిటారుగా నిలబడ్డాడు.

"థాంక్యూ, కెప్టెన్."

వెనకనున్న ముసలావిడ "భయ్యా, ఆగే చలో నా" అని, ముందుకి కదలమని సంచితో పొడిస్తే మెట్లు దిగిపోయాడు. అప్పటికి ఉద్యోగంలో అతనింకా కుడి సీట్లోనే ఉన్నాడు.